మూఢంలో పందికొక్కులు

రిటైరైనవాళ్లు రాసే పుస్తకాల్లో మొదటి పేజీలో శాలువా కప్పుకున్న ఫొటో ఉంటుంది. నాకెవరూ శాలువా కప్పలేదు. నడుముకు బెల్టు మాత్రం కట్టారు. ఎలుకలు, పందికొక్కులు పట్టే పనిలో ఏళ్ల తరబడి వంగీ వంగీ, ఒకరోజు వంగినవాణ్ని వంగినట్టే ఆటోలో వేసుకుని దవాఖానాకు తీసుకెళ్లారు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూసి "ఇక నువ్వు వంగొద్దు" అన్నాడు. నేను వంగకుండా పందికొక్కును పట్టాలంటే అదే నిలబడి రావాలి. అది రాదు కాబట్టి నేను ముప్పై ఆరేళ్లకే రిటైరయ్యాను. ఇప్పుడు చిల్కానగర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో, కౌంటర్ వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని పైపులు అమ్ముతాను. పైపులు కరవవు.

నాచారంలో మా పాత కంపెనీలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు కౌంటర్ దగ్గరికి వచ్చి "అన్నా, ఈ పని ఎట్లుంటది?" అని అడుగుతారు. కంపెనీ వాళ్లకు ట్రైనింగ్ ఇస్తుంది. చొక్కా ఎట్లా టక్ చేసుకోవాలో, కస్టమర్‌ను ఎన్నిసార్లు సర్ అనాలో చెబుతుంది. పందికొక్కు గురించి మాత్రం పందికొక్కే చెప్పాలి. అది చెప్పిన వాటిలో నాకు గుర్తున్నవి ఇక్కడ రాస్తున్నాను. వీరగాథలు కావాలంటే ఇంకెవరినైనా అడగండి. ఇందులో అందరికంటే ఎక్కువ ధైర్యం చూపించింది హెల్మెట్ పెట్టుకున్న ఒక రిటైర్డ్ ఇంజనీరు. అది కూడా బిర్యానీ హోటల్లో.

సత్తన్న గోలీలు

మా కంపెనీ అంటే నాచారంలో ఒక షట్టరు, రెండు బండ్లు, ఒక సత్తన్న. సత్తన్నే ఓనరు. పొట్టిగా, ఎప్పుడూ సోంపు నములుతూ ఉండేవాడు. ఆయన దృష్టిలో లోకంలోని సమస్యలన్నిటికీ ఒకటే జవాబు, విషపు గోలీలు. "గోలి ఏసినమా, బండి ఎక్కినమా. అయిపాయె" అనేవాడు.

అయిపోయేది కాదు. గోలీ తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు. నెమ్మదిగా, తనకు నచ్చిన చోటుకు వెళ్లి చస్తుంది. దానికి నచ్చే చోటు మనిషి చెయ్యి దూరని చోటు. చిల్కానగర్‌లోనే ఒక ఇంట్లో అది దేవుడి గూటి వెనక గోడలోకి వెళ్లి చచ్చిపోయింది. వాళ్లకు మొదట చెడు వాసన అనిపించలేదు, చెడుకాలం అనిపించింది. శాంతి చేయించారు. అగరబత్తీలు మార్చారు. అత్తగారు కోడలి వంటను అనుమానించింది. చివరికి మమ్మల్ని పిలిస్తే సత్తన్న గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి "మాదే" అన్నాడు. గోడ పగలగొట్టించి తీయించాడు. ఇది చెప్పడం ఎందుకంటే, సత్తన్నలో ఎన్ని లోపాలున్నా "మాది కాదు" అనే మాట మాత్రం రాలేదు. ఈ లైన్లో అలాంటి ఓనర్లు తక్కువ. దొరికితే సోంపు వాసన భరించండి.

ఇంట్లో సంగతి అది. తోటలో విషం అసలే పనికిరాదు. చచ్చిన ఎలుకను పిల్లి తింటుంది, కోడి పొడుస్తుంది, చావుపిట్ట అనే గుడ్లగూబ ఎత్తుకుపోతుంది. దానికి చావుపిట్ట అని పేరు పెట్టి మనుషులు భయపడతారు గాని, ఎలుకల వైపు నుంచి చూస్తే ఆ పేరు సరిగ్గానే ఉంది. మీ తోటలో జీతం లేకుండా రాత్రి డ్యూటీ చేసే ఉద్యోగి అదొక్కటే. విషం పెడితే ముందు పోయేది అదే.

విషం లేకుండా అంటే

కస్టమర్లు చెప్పే మాటల్లో నాకు బాగా నచ్చినది ఇది. "విషం వద్దు. చంపడం కూడా వద్దు. కానీ అవి ఉండకూడదు."

కొందరు బోనులో పడ్డదాన్ని బండి మీద పెట్టుకుని వెళ్లి దూరంగా వదిలేస్తారు. దూరం అంటే ఇంకొకరి ఇంటి దగ్గర. ఒకాయన బోడుప్పల్‌లో పట్టి ఉప్పల్‌లో వదిలేవాడు. అదే వారంలో ఉప్పల్‌లో ఇంకొకాయన పట్టి బోడుప్పల్‌లో వదులుతూ దొరికాడు. వాటికి ఊరు తిరిగినట్టయింది, వీళ్లకు పెట్రోలు అయింది.

కాబట్టి మొదటిరోజే తెలుసుకోండి. విషం లేకుండా అంటే చావు లేకుండా అని కాదు. మన చేతులతో, త్వరగా, మన కళ్ల ముందు అని అర్థం. అది ఎట్లాగో మీకు పనిలో చూపిస్తారు, ఇక్కడ రాయను. చేసేటప్పుడు నవ్వేవాడితో పని చేయకండి. ఏడ్చేవాడితో కూడా చేయకండి, పని ఆలస్యమవుతుంది.

మడమతో చదవడం

తోటలో వంద రంధ్రాలు కనిపిస్తే వంద పందికొక్కులు ఉన్నట్టు కాదు. ఒక్క పందికొక్కుకు ముందు తలుపు, వెనక తలుపు, అత్తగారు వస్తే పారిపోయే తలుపు ఉంటాయి. పాతవి, వదిలేసినవి కూడా ఉంటాయి. అందుకే మొదట చేసే పని ఇది. సాయంత్రం తోటంతా తిరిగి, ప్రతి బొరియనూ మట్టితో కప్పి, మడమతో అదిమి మూసేయాలి. పొద్దున్నే వచ్చి చూడాలి. ఏది తెరిచి ఉందో, ఏ మూతి దగ్గర తాజా మట్టి కుప్ప ఉందో, అక్కడ మనిషి ఉన్నాడన్నమాట. మనిషి అంటే మీకు అర్థమైంది.

దీనికి యంత్రాలు లేవు. మడమ చాలు. ఈ ఒక్క పని చేయకుండా బోనులు పెట్టేవాడు, అడ్రసు తెలియకుండా పెళ్లిపత్రిక పంచేవాడు ఒకటే.

యాదమ్మ తోట

ఇక అసలు సంగతి.

బోడుప్పల్ దాటాక, పూర్తిగా ఊరూ కాని పూర్తిగా సిటీ కూడా కాని చోట, మూర్తి గారికి ఎకరంలోపు స్థలం ఉంది. ఆయన పెద్ద ప్రభుత్వ సంస్థలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు కృష్ణా జిల్లా, కాపురం ఏఎస్ రావు నగర్. ఇల్లు కడదామని ఆ స్థలం కొన్నారు. ఏఎస్ రావు నగర్ మార్కెట్టు వదిలి ఒక్క అడుగు కూడా అటు వేయనని వాళ్లావిడ చెప్పేశారు. దాంతో స్థలం యాదమ్మకు కౌలుకు వచ్చింది.

యాదమ్మది నల్లగొండ వైపు. ఆమె భర్త నాచారంలో ఒక ఫ్యాక్టరీకి వాచ్‌మన్. ఆ తోటలోనే రేకుల గదిలో ఉంటారు. ఆకుకూరలు, సోరకాయ వేస్తుంది, చలికాలంలో కందగడ్డ. మూర్తి గారి భాషలో చిలగడదుంప. శివరాత్రికి ఈ ఊళ్లో ఉపవాసం ఉన్నవాళ్లందరికీ కందగడ్డ కావాలి. ఉపవాసం లేనివాళ్లకు రెండు ఎక్కువ కావాలి. ఆ ఒక్క పంటే యాదమ్మకు ఏడాదిని నిలబెడుతుంది.

కిందటేడు ఆ పంటను పందికొక్కులు తినేశాయి. ఎవరో సలహా ఇస్తే విషపు గింజలు చల్లారు. పందికొక్కులు వాటి పక్కనుంచి మర్యాదగా నడిచి వెళ్లాయి. కోళ్లు తిని చచ్చాయి. ఈ ఏడు కూడా సాళ్లలో మట్టి లేవడం మొదలయ్యాక సత్తన్నకు ఫోను వచ్చింది. సత్తన్న నన్ను పంపాడు.

నేను వెళ్లేసరికి యాదమ్మ గట్టు మీద కూర్చుని, కొరికేసిన గడ్డలు ఒళ్లో వేసుకుని ఉంది. నేను "పందికొక్కులేనా అక్కా?" అన్నాను.

"ష్! పేరు తియ్యకు తమ్మీ. ఇంటయి. ఇంటే పగబడ్తయి."

"మరేమనాలె?"

"సుట్టాలు అను. రాత్రి సుట్టాలొచ్చిన్రు. తిన్నరు, పోయిన్రు. కడుక్కునుడు మన పని."

"గోలీలు ఏద్దామా?"

"నా కోళ్లు పోయిన కాడ్కి సాలు. మందు ఏస్తే నా నోట్ల ఏసినట్టే." తోట చివర గోడ వైపు చూపించింది. గోడకు అవతల పెద్ద ఫంక్షన్ హాలు. "ఆ హాలోళ్లు కార్లు వెట్టుకునుటానికి ఈ జాగ అడుగుతున్రు. సారు ఏమన్నడంటే, 'యాదమ్మా, ఈసారి గూడ పంట పోతే నేనేం చెయ్యను, ఇచ్చేస్త' అన్నడు. గడ్డ పోతే జాగ పాయె, జాగ పోతే గది పాయె. కార్లకు నీడ కావాల్నంట. మాకొద్దా?"

ఇలాంటప్పుడు సినిమాలో అయితే నేను ఏదో మాట ఇవ్వాలి. నేను "కాళ్లకు చెప్పులు తొడుక్కో అక్కా, బొరియలు మూద్దాం" అన్నాను.

బోనులకు ఆయుధపూజ

పొద్దున్నే చూస్తే బొరియల్లో చాలావరకు మూసినవి మూసినట్టే ఉన్నాయి. తెరిచినవన్నీ ఫంక్షన్ హాలు గోడ వెంబడే. అప్పటికి మూర్తి గారు కూడా వచ్చారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, జేబులో టేపు పెట్టుకుని ఉన్నారు. ఎండకు పనిచేసే ఒక శబ్దయంత్రం ముందే కొని తోట మధ్యలో పాతి ఉన్నారు. మనకు వినపడని శబ్దం చేసి ఎలుకల్ని తరుముతుందట. దాని కాళ్ల దగ్గరే తాజా మట్టి కుప్ప ఉంది.

"అంటే ఇవి వంద కాదంటావ్?" అన్నారు మూర్తి గారు.

"కాదు సార్. ఏదో ఒక కుటుంబం. కొంచెం పెద్ద కుటుంబం."

"మరి వంద గోతులెందుకయ్యా?"

"మీరు ఉన్నది ఇద్దరే గద సార్. ఇంట్ల ఎన్ని తలుపులున్నయి?"

ఆయన లెక్కపెట్టుకుంటున్నట్టు కనిపించారు. ఆయనలో నాకు నచ్చింది అదే. జోకుకు కూడా లెక్క వేసేవారు.

గోడ వెంబడి బోనులు పెట్టాను. పందికొక్కుకు కొత్త వస్తువు అంటే అనుమానం. అందుకే మొదట కొన్నాళ్లు తలుపు తీగతో కట్టేసి, తెరిచే ఉంచి, లోపల తిండి పెట్టాలి. ముందు భోజనాలు, తర్వాత అరెస్టు. కొబ్బరి ముక్కలు, పకోడీలు పెట్టి "ఎవ్వరు ముట్టొద్దు" అని చెప్పి వచ్చాను.

రెండు మూడు రోజులకు వెళితే ఒక్క ముక్క కూడా కదల్లేదు. పక్కనే రెండు సాళ్లు తవ్వి ఉన్నాయి. వంగి బోను వాసన చూశాను. ఆసుపత్రి వరండా వాసన వచ్చింది.

"సార్, దీన్ని కడిగిన్రా?"

"అవునయ్యా. తుప్పు, మట్టి, పాత రక్తం. ఫినాయిలుతో శుభ్రంగా కడిగించి ఎండలో పెట్టించాను."

తిప్పి చూస్తే తలుపు మీద పసుపు, కుంకుమ బొట్లు.

"అక్కా, ఇదేంది?"

యాదమ్మ కొంగు సర్దుకుంది. "కొత్త సామాను గద తమ్మీ. కొబ్బరికాయ కొట్టలే, గదే నయం."

మీలో ప్రతి ఒక్కరికీ ఈ రోజు వస్తుంది. కస్టమర్లు మంచివాళ్లు కావడం వల్ల వచ్చే నష్టం ఇది. వెయ్యి పందికొక్కుల వాసన ఉన్న పాత బోను మనకు అసహ్యం, వాటికి సొంతూరు. బోనును కడగకండి, కడగనివ్వకండి. నేను ఆ బోనుల్ని వాటి బొరియల మట్టిలోనే దొర్లించి, గోడ పక్కన వదిలేసి, ఈసారి ఎందుకు ఇటే వస్తున్నాయో చూద్దామని ఒక బొరియను తవ్వడం మొదలుపెట్టాను.

గూట్లో బిర్యానీ ఆకు

బొరియ గోడ పునాది కింద నుంచి అవతలికి పోయింది. ఇవతలి మలుపులో పాత గూడు ఒకటి దొరికింది. పందికొక్కు గూడంటే గడ్డి, ఆకులు ఉండాలి. ఇందులో చేతులు తుడుచుకునే కాగితాలు, కోడి ఎముకలు, ఒక ప్లాస్టిక్ గులాబీ, ఎండిన బిర్యానీ ఆకులు ఉన్నాయి. ఇవి తోటలో పుట్టిన పందికొక్కులు కావు. పెళ్లివారు.

గోడ చుట్టూ తిరిగి హాలుకు వెళ్లాను. మేనేజరు శీను ఖాళీ హాల్లో కుర్చీ మీద కాళ్లు చాపుకుని ఫోను చూస్తున్నాడు.

"ఏంది శీనన్న, గిరాకీ లేదా?"

"ఏడ గిరాకీ అన్నా, మూఢం నడుస్తలే? పుష్యం పోతే మాఘంల లగ్గాలుంటయనుకున్నం. ఈసారి మూఢం శివరాత్రి దాక గుంజింది. ఒక్క ముహూర్తం లేదు."

"లగ్గాలున్నప్పుడు మిగిలిన కూడు ఏం జేస్తరు?"

"ఎన్కకు గుంత ఉంది. అండ్ల ఏస్తం."

వెనక్కి వెళ్లి చూశాను. గుంత ఎండిపోయి ఉంది. దాని చుట్టూ, కొత్తవి కాదు, ఏళ్లనాటి బొరియలు. తరతరాలుగా బగారన్నం, చికెన్ మీద బతికిన వంశం అది. కార్తీకంలో పెళ్లిళ్లు జరిగినన్నాళ్లు యాదమ్మ తోట వాటికి గుర్తే లేదు. మూఢం వచ్చి పొయ్యిలు ఆరిపోయాక గోడ దాటాయి. మూఢంలో పని లేక ఇబ్బంది పడేది పురోహితులు, బ్యాండువాళ్లు, వంటవాళ్లు అనుకుంటాం. నాలుగో వర్గం కూడా ఉంది. వాళ్ల గురించి ఎవరూ అడగలేదు.

తిరిగి వచ్చి యాదమ్మను అడిగాను. "కిందటేడు సుట్టాలు ఎప్పుడొచ్చిన్రు అక్కా?"

ఆమె ఆలోచించింది. "బ్యాండు సప్పుడు బందైనంక. గమ్మతి తమ్మీ, బ్యాండు మోగిన రాత్రి నాకు నిద్ర ఉండకపోయేది, సుట్టాలు గూడ ఉండకపోయేది."

మూర్తి గారు గోడ వైపే చూస్తూ నిలబడ్డారు. "అంటే ఎవరికి స్థలం ఇద్దామనుకున్నానో, వీటిని పెంచుతున్నది వాళ్లేనా?"

"తెల్వక పెంచిన్రు సార్. శీనన్నకు తన పెండ్లిళ్లే తెల్వయి, ఇయ్యేం తెలుస్తయి?"

హెల్మెట్‌లో మూర్తి గారు

కొబ్బరి, పకోడీ ఎందుకు ముట్టలేదో ఇప్పుడు తెలిసింది. ఫినాయిలు సగం కారణం. మిగతా సగం, వాటికి ఆ తిండి తిండిగా కనపడలేదు. ఎవరి కడుపు ఏ అన్నానికి అలవాటు పడిందో ఆ అన్నమే పెట్టాలి.

"మసాలా అన్నం, మాంసం బొక్కలు కావాలె," అన్నాను.

యాదమ్మ "నేను వండుత" అంది. తర్వాత మూర్తి గారి వైపు చూసి నాలుక కరుచుకుంది. ఆ స్థలంలో మాంసం వండకూడదన్నది కౌలు మొదటిరోజు ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. వాళ్ల ఇంట్లో ఉల్లిపాయ కూడా ఏకాదశికి సెలవు తీసుకుంటుంది.

మూర్తి గారు గట్టు మీద అటూ ఇటూ నడిచారు. యాదమ్మ ఆయన పాదాల్నే చూస్తోంది. సాళ్లలో గడ్డలు ఊరుతున్నాయి, శివరాత్రి దగ్గరపడుతోంది. చివరికి "వండడం వద్దు. నేను మాట మార్చలేను," అన్నారు. యాదమ్మ ముఖం వాలిపోయింది. ఆయన స్కూటర్ ఎక్కి వెళ్లిపోయారు.

సాయంత్రానికి తిరిగి వచ్చారు. చేతిలో గుడికి తీసుకెళ్లే గుడ్డసంచి. అందులో పేపరు చుట్టిన పొట్లం. స్కూటర్ దిగి కూడా హెల్మెట్ తీయలేదు.

"వండకూడదన్నాను గానీ తేకూడదని అనలేదు కదా," అన్నారు హెల్మెట్ లోపల్నుంచి. "ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర హోటల్. హెల్మెట్ తీయమన్నాడు, తీయలేదు. స్పెషలా, మామూలా అని అడిగాడయ్యా. వీటికి ఏది ఇష్టమో నాకేం తెలుసు? స్పెషల్ అన్నాను."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సారూ, సుట్టాలకే తెస్తిరి. మాకింత తేకపోతిరి."

"రేపు తెస్తాలే," అన్నారు. నిజంగానే తెచ్చారు. తలుపులు కట్టేసిన బోనుల్లో ఆ అన్నం పెట్టాం. మొదటి రాత్రి అంచున ఉన్న మెతుకులు పోయాయి. తర్వాతి రాత్రి లోపలి ఎముక పోయింది. ఆ తర్వాత మెతుకు మిగల్లేదు. మూర్తి గారు రోజూ హెల్మెట్‌తో వెళ్తుంటే హోటల్‌లో ఆయన్ని గుర్తుపట్టి, అడక్కుండానే నిమ్మకాయ ఎక్కువ వేయడం మొదలుపెట్టారట.

ఇక తీగలు విప్పి తలుపులు పని చేసేలా పెట్టిన రోజు ఆయన అడిగారు. "తర్వాత ఏం చేస్తావు వాటిని?"

చెప్పాను.

"ఇంకో దారి?"

"ఉంది సార్. ఇంకొకరి తోట."

"నేను రేపు పొద్దున రాను," అన్నారు. రాలేదు. అందులో తప్పేం లేదు. నేను మాత్రం వెళ్లాను, ఎందుకంటే అది నా పని. బోనులన్నీ నిండాయి. మర్నాడు కూడా నిండాయి. మూడోసారికి ఒక బోను ఖాళీగా, మెతుకు మాత్రం మాయమై ఉంది. ఒకటి తప్పించుకుంది. ఎప్పుడూ ఒకటి తప్పించుకుంటుంది. దాని వెంట పడకండి. నాకు డాక్టరు తీసిన ఎక్స్‌రేలో కనిపించినవన్నీ, అలా తప్పించుకున్నవాటి వెంట పడ్డ గుర్తులే.

గోడ కింద గోడ

పట్టడం సగం పని. రావడం ఆపకపోతే ఖాళీ అయిన ఇంట్లోకి కొత్త అద్దెవాళ్లు దిగుతారు. గోడ వెంబడి కందకం తవ్వి ఇనుప జాలీ పాతాలని చెప్పాను. ఇక్కడ మూర్తి గారు జేబులోంచి టేపు తీశారు. జాలీ నిలువుగా దించి ఆపేస్తే పందికొక్కు దాని అడుగు నుంచి తవ్వుకుని వస్తుంది, అడుగున దాన్ని గోడ వైపుకు మడిచి పరవాలి అన్నాను. ఆయన వెంటనే నేల మీద బొమ్మ గీసి, వంపు ఎంత ఉండాలి, అతుకులు ఎక్కడ పడాలి, వాన నీళ్లు ఎటు పోవాలి అన్నీ తేల్చారు. నేను అప్పటిదాకా వేసిన జాలీల్లో అంత శుభ్రమైనది లేదు. తర్వాత ఎక్కడ వేసినా ఆయన గీసిన లెక్కే వేశాను. ఆయన ఫినాయిలు గురించి మాట్లాడనందుకు నేను కూడా మాట్లాడలేదు.

శీను సంగతి మిగిలింది. అతనికి నీతి చెబితే వినడు, వినాల్సిన అవసరం కూడా అతనికి లేదు.

"శీనన్న, ఈ తోట తీసి పార్కింగ్ జేస్తే సుట్టాలు ఏడికి పోతరు?"

"నాకేం ఎర్క?"

"ఆళ్ల ఇల్లు నీ గుంత కాడనే. తోట ఉంటే మూఢంల తోటకు పోతరు. తోట లేకుంటే నీ వంటింట్లకొస్తరు. కార్లున్నయనుకో, వైర్లు కొరుకుతరు. పెండ్లికొడుకు అప్పగింతలకు ఆటోల పోవాలె."

శీను ఫోను పక్కన పెట్టాడు. "గట్లంటవా?"

"మూతలున్న డ్రమ్ములు పెట్టు. పందులు సాదేటోళ్లు ఏ పూటకాపూట ఎత్తుకపోతరు. గుంత పూడ్చు."

పెట్టాడు, పూడ్చాడు. భయం పనిచేసినంతగా మంచి మాట పనిచేయదని రాయడానికి నాకేం సంతోషం లేదు. కానీ ట్రైనింగ్‌లో ఇది చెప్పరు.

శివరాత్రి

గోడ పక్క సాళ్లు పోయాయి. మిగతావి నిలిచాయి. పండుగ ముందురోజు యాదమ్మ, ఆమె భర్త గడ్డలు తవ్వి ఉప్పల్‌కు తీసుకెళ్లారు. బేరాలు ఆడేవాళ్లతో ఆమె గొంతు రింగ్ రోడ్డు దాకా వినిపించిందని సత్తన్న చెప్పాడు.

శివరాత్రి రోజు జాలీ చూద్దామని వెళ్లాను. మూర్తి గారు ఉపవాసం. యాదమ్మ ఉడకబెట్టిన గడ్డలు ఆకులో పెట్టి ఆయన ముందు ఉంచింది. ఆయన ఒకటి చేతిలోకి తీసుకున్నారు. అప్పుడే ఫోను మోగింది. శీను పై ఓనరు. పార్కింగ్ సంగతి.

యాదమ్మ లోపలికి వెళ్లలేదు. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది.

"అవునండీ, అనుకున్నాం," అంటున్నారు మూర్తి గారు. "లేదండీ... లేదు. వేరే చోటు చూసుకోండి... కారణమా? ఇక్కడ మనుషులు ఉంటున్నారండీ."

ఫోను పెట్టేశారు. యాదమ్మ కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నారు, చూపు తిప్పుకున్నారు.

"సారూ," అంది యాదమ్మ, "తొక్క తీస్కోని తినాలె."

ఆయన అప్పటికే తొక్కతో సహా కొరికి ఉన్నారు.

పెన్షన్

ఈ ఉద్యోగంలో పెన్షన్ లేదని మీకు చెప్పి ఉంటారు. నాకు వస్తుంది. ఏటా శివరాత్రికి యాదమ్మ భర్త నాచారం డ్యూటీకి పోతూ షాపు దగ్గర సైకిలు ఆపి, ఒక సంచి కౌంటర్ మీద పెడతాడు. అన్నీ మంచి గడ్డలే ఉంటాయి. పైన మాత్రం పంటిగాట్లు ఉన్నది ఒకటి ఉంటుంది. "సుట్టాలు అడిగిన్రని జెప్పమంది," అంటాడు. జాలీ ఎంత బాగా వేసినా ఒకటి తప్పించుకుంటుందని నేనే కదా చెప్పాను.

ఎలుక కొరికింది తినకూడదు. తెలిసినవాణ్ని కాబట్టి నేను తినను, మీరు కూడా తినకండి. పారేయబుద్ధి కాక, ఈ ఏడు దాన్ని మా అద్దింటి ముందు నల్లా పక్కన మట్టిలో గుచ్చాను. తీగ బాగానే పాకింది. ఓనరు ఆంటీ ఇదేం మొక్క అని అడిగితే మనీప్లాంటు అన్నాను.

నిన్న సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి తీగ మొదట్లో గుప్పెడు తాజా మట్టి కనిపించింది. మెత్తగా, పొడిగా, జల్లెడ పట్టినట్టు. డాక్టరు వంగొద్దన్నాడు. నేను వంగలేదు. నిలబడే, మడమతో అదిమి మూసి, లోపలికి వచ్చి అన్నం తిన్నాను.

పొద్దున్నే చూడాలి.